మగ్దలేనమ్మ చూసిన నల్లని గింజలు

మే నెల రెండో వారంలో ఒక ఉదయం, నూజివీడులోని ఒక చిన్న నర్సింగ్ హోమ్ ల్యాబులో మగ్దలేనమ్మ ఒకే స్లైడు ముందు పావుగంట కదలకుండా కూర్చుంది. ఆ బల్ల ముందు ఆమెకు ఇరవై ఆరేళ్లు గడిచాయి. ఎలాంటి స్లైడైనా రెండు నిమిషాల్లో చూసి చెప్పేసే మనిషి.

ఆ స్లైడు మీద ఉన్నది జెరూషా అనే ఆరేళ్ల పిల్ల గొంతులోంచి తీసిన మచ్చు. తల్లి లీదియా ఆగిరిపల్లి వైపు తోటల్లో మామిడికాయ కోతకు వచ్చింది. పిల్లకు మూడు రోజులుగా జ్వరం, మెడ వాచింది, నీళ్లు కూడా మింగలేకపోతోంది. డాక్టర్ రవిచంద్ర మామూలు గొంతునొప్పి అనుకుని మందులు రాశాడు, పనిలో పనిగా గొంతులో దూదిపుల్లతో స్వాబ్ తీయమని ల్యాబుకు పంపాడు. స్వాబ్ తీసేటప్పుడే మగ్దలేనమ్మకు గొంతులో బూడిదరంగు పొర కనిపించింది. దూది తగిలితే పొర ఊడలేదు, నెత్తురు వచ్చింది. ఎవరూ అడక్కుండానే ఆమె అలమరలోంచి, సూక్ష్మజీవుల్లోని గింజలను నల్లగా చూపించే ఆల్బర్ట్ రంగు సీసా తీసింది.

మైక్రోస్కోపులో పుల్లల్లాంటి ఆకుపచ్చ సూక్ష్మజీవులు కనిపించాయి. కొన్ని ఒకదానికొకటి అడ్డంగా, ఎవరో అగ్గిపుల్లలు విసిరేసినట్టు పడి ఉన్నాయి. ప్రతి పుల్ల కొసలోనూ నల్లటి గింజలు.

ఆ గింజలేమిటో ఆమెకు బాగా తెలుసు. జి. కొండూరు నుంచి రోజూ బస్సెక్కి విజయవాడలో ల్యాబ్ కోర్సు చదివినప్పుడు సుసన్నా మేడమ్ చెప్పిన పాఠం అది. ఆ గింజ పాలీఫాస్ఫేట్. ఫాస్ఫేట్ ముక్కలు వందలకొద్దీ గొలుసుగా అల్లుకున్న ముద్ద. చేతినిండా దొరికినప్పుడు సూక్ష్మజీవి దాన్ని గింజకట్టి దాచుకుంటుంది. కరువొస్తే తెంపుకుని వాడుకుంటుంది. దాంతో డీఎన్‌ఏ అల్లుకుంటుంది, చాలినంత శక్తి పుట్టించుకుంటుంది, ఎండకీ ఆమ్లానికీ ఓర్చుకుంటుంది. ఎక్కువైన లోహాలను కూడా ఆ గొలుసే పట్టి ఉంచుతుంది. "కంటికి కనపడనిదానికే అంత ముందుచూపమ్మా" అని మేడమ్ నవ్వేవారు.

ఆమె రిపోర్టు చేత్తో పట్టుకుని డాక్టరు గదికి వెళ్లింది.

"డిఫ్తీరియా సార్. కంఠసర్పి."

రవిచంద్ర కాగితం చూడలేదు. "ఈ రోజుల్లో డిఫ్తీరియా ఏంటమ్మా. టీకాలు వేస్తున్నారుగా."

"లీదియాని అడిగానండి. తోట నుంచి తోటకి తిరగడమే సరిపోయింది, పిల్లకి ఒక్క టీకా కూడా పడలేదట. కొసల్లో గింజలున్నాయి, చూడండి."

"గింజలు చాలా బాక్టీరియాలో ఉంటాయి. పాలీఫాస్ఫేట్ లేని జీవి ఏది? గొంతులో మామూలుగా ఉండేవాటిలోనూ ఉంటుంది."

"నిజమేనండి, గింజ ఒక్కటే సాక్ష్యం కాదు. అది విషమూ కాదు, దాని తిండి. కానీ పొర ఉంది, మెడ వాచింది, టీకా లేదు. నాలుగూ ఒకేచోట కలిశాయి."

"కల్చర్‌కి పంపి క్రిమిని పెంచి చూద్దాం. రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది."

"ఆ రెండు మూడు రోజులూ ఆ క్రిమి వదిలే విషం గుండెకి పోకుండా ఎవరు ఆపుతారండి? అనుమానం వస్తేనే విషానికి విరుగుడు మందు ఇవ్వాలని మీ పుస్తకాల్లోనే ఉంది."

డాక్టరు మొహం ఎర్రబడింది. "మీ పని రంగు వేయడం. వైద్యం నేను చూసుకుంటాను."

ఆ మాట మగ్దలేనమ్మకు ముల్లులా గుచ్చుకుంది. ఇన్నేళ్లలో ఆయన పెట్టిన సంతకాలు ఎన్ని తన స్లైడుల మీద నిలబడ్డాయో ఆయనకు తెలియదా? గుమ్మం బయట జెరూషా తల్లి ఒళ్లో గురగురలాడుతూ ఊపిరి పీలుస్తోంది. ఆ చప్పుడు వినపడే దూరంలో కూర్చుని ఆయన ఫైలు తిరగేస్తున్నాడు. ఆమెకు కోపం ముంచుకొచ్చింది. కోతకూలీ పిల్ల కాకుండా తోట యజమాని మనవరాలైతే ఈపాటికి ఎన్ని కార్లు పరుగెత్తేవో.

ఆమె ల్యాబుకు వెళ్లి, తలుపు మూయకుండానే, జిల్లా ఆరోగ్య అధికారికి ఫోన్ చేసింది. పేరు, ఊరు, తాను చూసినదంతా వరసగా చెప్పింది. గంటన్నరలో అంబులెన్సు వచ్చింది. లీదియా ఎక్కేముందు వెనక్కి తిరిగి, "పిల్ల బతుకుద్దా అమ్మగారండీ?" అంది. మగ్దలేనమ్మ అబద్ధం చెప్పలేక, "తొందరగా వెళ్లండమ్మా, మందు విజయవాడలో ఉంది" అంది.

విజయవాడ పెద్దాసుపత్రిలో ఆ సాయంత్రమే విరుగుడు మందు ఎక్కించారు. మూడోరోజు కల్చర్ ఫలితం వచ్చింది. డిఫ్తీరియానే. జెరూషా గుండె నీరసించి నెల రోజులు మంచం మీదే ఉంది, కానీ బతికింది. ఆరోగ్య సిబ్బంది తోటల వెంట తిరిగి కూలీల పిల్లలందరికీ టీకాలు వేశారు. మరో ఇద్దరికి అదే పొర మొదలవుతుంటే పట్టుకున్నారు.

నర్సింగ్ హోములో మాత్రం మగ్దలేనమ్మకు మెమో ఇచ్చారు. పై అధికారి అనుమతి లేకుండా బయటికి సమాచారం చెప్పినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. సంజాయిషీ కోసం వదిలిన చోట, "డాక్టరు గారికి చెప్పాను, వినలేదు. ఇలాంటిది మళ్లీ వస్తే మళ్లీ ఫోన్ చేస్తాను" అని రాసి, సంతకం చేసి, తానే తీసుకెళ్లి రవిచంద్ర బల్ల మీద పెట్టింది.

ఆయన దాన్ని చదివాడు. కల్చర్ రిపోర్టు కూడా అదే బల్ల మీద ఉంది. తప్పు ఒప్పుకోలేదు. మెమో మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. మగ్దలేనమ్మ కూడా అడగలేదు. ఆ పూట కోపం మాత్రం ఆమెలో ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని ఆమె కోరుకోవడమూ లేదు.