గుమ్మానికి కట్టిన మామిడికొమ్మ

మా మరిది యుద్ధానికి వెళ్ళాడు, మా ఆయన వెళ్ళలేదు. నా కుళ్ళంతా అక్కడ మొదలైంది.

బస్తరు ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజులు. భోపాల్‌పట్నంలో మాది ఉప్పు, కిరసనాయిలు, బట్టలు అమ్మే కొట్టు. అడవి ఊళ్ళవాళ్ళు చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు తెచ్చి ఇచ్చి ఉప్పు పట్టుకెళ్ళేవారు. గోదావరి అవతలి నుంచి వచ్చి మా మామగారు పెట్టిన కొట్టు అది. ఆయన పోయాక మా ఆయన గద్దె ఎక్కారు. ఇంట్లో అత్తమ్మ, మేమిద్దరం, మరిది, వాడి పెళ్ళాం. నేను కాపురానికి వచ్చేనాటికి మరిదికి పాలపళ్ళు ఊడుతున్నాయి. వాడికి ముద్దలు కలిపి పెట్టింది నేను. జ్వరం వస్తే నుదుటిమీద తడిగుడ్డ వేసింది నేను. పెద్దయ్యాక లారీ నేర్చుకుంటానని మారాం చేస్తే మా ఆయన్ని ఒప్పించిందీ నేనే. ఆ లారీయే వాణ్ణి పట్టాళంలోకి పట్టుకెళ్ళింది. బర్మా వైపు సామాను చేరవేయడానికి డ్రైవర్లు కావాలన్నారు, వాడు ఎగిరి గంతేసి పోయాడు.

మరునాటి నుంచి వాడి పెళ్ళాం, అంటే నా తోడికోడలు, ఇంట్లో దేవత అయి కూర్చుంది. కూర్చుంది అని మాటవరసకు అనడం లేదు, నిజంగానే కూర్చుంది. బావి దగ్గరికి అడుగు వేయబోతే అత్తమ్మ చేయి పట్టుకుని ఆపేసేది. “దాని పానం బాగలేదు, నువ్వు తోడుకరా పెద్దదానా” అనేది నాతో. పాలమీద మీగడ దానికి. మెత్తని చాప దానికి. తహసీలు జవాను కూడా వీధిలో ఆగి, “ఛోటీ బహూ, ఖబర్ ఏమన్న వచ్చిందా?” అని అడిగి పోయేవాడు. నా మొగుడు ఎలా ఉన్నాడని అడిగినవాడు ఒక్కడూ లేడు. ఎందుకు అడుగుతారు? ఎండుమిర్చి బస్తాల మధ్య కూర్చుని తుమ్ముతూ రోజూ అందరికీ కనిపిస్తూనే ఉన్నాడుగా. మొగుడు ఇంటిపట్టున ఉండటమే నేను చేసుకున్న పాపమయింది.

అది చెడ్డదైతే నాకు తేలిగ్గా ఉండేది. చెడ్డది కాదు. మీగడ నాకు సగం పెట్టబోయేది. ఆ పెట్టబోవడం చూస్తే నాకు ఇంకా మండేది.

సాయంత్రం పూట బడి మాస్టారు మా అరుగుమీదికి వచ్చేవారు. ఎప్పటివో పాత పేపర్లు తెచ్చి యుద్ధం సంగతులు చదివేవారు. అవి అయిపోతే ప్రపంచంలోని యుద్ధాలన్నీ చెప్పేవారు. రోము సైన్యాలు ఏనుగుల్ని చూసి బెదరడం, ఫ్రెంచివాళ్ళ పట్టాళం మంచులో చిక్కి బూట్ల తోలు ఉడకేసుకు తినడం, ఓరుగల్లు కోట పడ్డాక రాజుగారి తమ్ముడు ఇంద్రావతి దాటి వచ్చి ఇదే బస్తరులో గద్దె ఎక్కడం. ఏ దేశపు యుద్ధమైనా ఆయన చేతిలో చివరికి ఒక గుమ్మం దగ్గరికి వచ్చి ఆగేది. గుమ్మంలో మొగుడి కోసం ఎదురుచూస్తూ ఒక ఆడది. అక్కడ ఆయన గొంతు తగ్గించి మా తోడికోడలివైపు చూసేవారు. అత్తమ్మ కళ్ళు తుడుచుకునేది.

ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగేశాను. “మాస్టారూ, ఓడిపోయి పారిపోయి వచ్చినాయనకే రాజ్యం దొరికింది కదా, అసలు ఎటూ పోకుండా ఉప్పు తూచేవాడికి ఏమన్నా దొరుకుతుందా మీ చరిత్రలో?”

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నేను నవ్వులాటకు అడగలేదు. ఆ రోజుల్లో నేను దేవుణ్ణి అడిగిన కోరిక ఒకటే. ఒక్కరు, ఈ ఊళ్ళో ఒక్కరైనా, నన్ను చూసి కుళ్ళుకోవాలి.

యుద్ధం అయిపోయింది. ఆ తర్వాత చాలా రోజులకు జగదల్‌పూర్ నుంచి సరుకు తెచ్చిన లారీవాడు కొట్టు ముందు దిగుతూనే అరిచాడు. “మీ తమ్ముడు జగదల్‌పూర్‌ల దిగిండు సావుకారీ! అంగడినాటికి ఇంటికొస్తడు.” తోడికోడలు గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చుంది. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. వాడు బతికి ఉన్నందుకు ఏడ్చాను. కానీ నా ఏడుపును ఎవరూ చూడలేదు, అందరూ దాని చుట్టూ మూగారు. అది కూడా నాకు కంటగింపే అయింది.

అయినా నాకొకటి మిగిలింది అనుకున్నాను. గండం గడిచి వచ్చిన మగవాడికి గుమ్మంలోనే ఎర్రనీళ్ళు దిగదుడిచి హారతి ఇవ్వాలి. అత్తమ్మకు పసుపుకుంకాలు లేవు. పెళ్ళాం తన మొగుడికి తాను ఇచ్చుకోదు. ఇక ఇవ్వాల్సింది వదినె. ఎవర్నీ అడగక్కర్లేని హక్కు అది. అంగడినాడు, అంటే వారం సంత రోజు, పొద్దున్నే చింతపండు వేసి ఇత్తడి పళ్ళెం తోముతున్నాను. అత్తమ్మ వచ్చి వెనక నిలబడింది.

“పక్కింటామెను రమ్మన్న. హారతి ఆమె ఇస్తది” అంది.

“నేనుండంగ పక్కింటామె ఏంది అత్తమ్మా?”

“నీ కండ్లు నాకు తెల్వయా బిడ్డా? ఇన్నేండ్లు చిన్నదాన్ని నువ్వు ఎట్ల చూసినవో నేను చూస్తనే ఉన్న. పిలగాడు సావు తప్పించుకొని వస్తున్నడు. నీ దిష్టి వాని మీద పడనియ్య.”

అబద్ధమైతే అరిచేదాన్ని. చిన్నదాని మీద నా చూపు అలాంటిదే, కాదనను. కానీ వాడి మీద? నా చేతి ముద్దలు తిని పెరిగినవాడి మీద నా దిష్టి పడుతుందా?

అత్తమ్మ మాటతో ఆగలేదు. గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టాలని చూసింది. యుద్ధం మొదలైనప్పటి నుంచి బట్ట కంట్రోలు, దారం ఉండ దొరకడం గగనం. చిరిగిన చీరను కుట్టుకోవడానికి పాత చీర అంచులోంచి పోగులు లాక్కునేవాళ్ళం. దారం లేక అత్తమ్మ ఏకంగా ఒక మామిడికొమ్మనే విరిపించి, వీధి గుమ్మానికి మోటు నారతో కట్టించింది. ఇక నా దిష్టికి విరుగుడు కావాలి. పచ్చిమిరపకాయలు, నిమ్మకాయ దొరకలేదు. కొట్లో బస్తాలోంచి ఎర్రటి ఎండుమిరపకాయలు గుప్పెడు తీసుకుని, తొడిమలు అదే నారతో చుట్టి, ఆ కొమ్మకే వేలాడదీసింది. నా చూపు కోసం కట్టిన మిరపకాయల్ని వీధంతా చూస్తుందని తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయాను.

కాసేపటికి మా ఆయన లోపలికి వచ్చారు. “ఏందే, ఇయ్యాల అంగడే గద? ఒక్క మనిషి రాడు!”

నేను కిటికీలోంచి చూశాను. ఎవరూ రాకపోవడం కాదు, వస్తున్నారు. కావడి బుజాన వేసుకున్న మనిషి వీధి మలుపు తిరిగి, మా గుమ్మం చూసి, నిలబడిపోయాడు. వెనక వస్తున్నవాళ్ళకు తన భాషలో ఏదో చెప్పాడు. అందరూ మా మామిడికొమ్మకేసి చూశారు. చప్పుడు లేకుండా వెనక్కి తిరిగారు. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని మరీ నడిచారు. చూస్తుండగానే అంగడి ఖాళీ అయిపోయింది. మిగతా షావుకార్లు తక్కెళ్ళు పట్టుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు.

ఒక్క ముసలమ్మ మాత్రం పెరటి వైపు నుంచి వచ్చింది. బాసగూడ వైపు అడవిలో దోర్లవాళ్ళ ఊరు ఆమెది. ఏటా సారపప్పు నాకే తెచ్చి ఇచ్చేది. ఆ రోజు గంప లేదు, ఉత్త చేతులతో వచ్చింది.

“ఎవని మీద, సావుకారమ్మా?” అంది.

“ఏంది అవ్వా?”

“పిలుపు కట్టిన్రు గద గుమ్మానికి. లడాయి ఎవని మీద?”

నాకు అర్థం కాలేదు. ఆమె కింద కూర్చుని చెప్పింది. “నేను పెండ్లయి వచ్చిన కొత్తల ఇసోంటి కొమ్మనే వచ్చింది మా ఊరికి. మామిడికొమ్మ, ఎర్ర మిరపకాయలు. అది వచ్చిందంటే ఇంటికో మొగోడు విల్లు పట్టుకొని కదలాలె. కొమ్మను ముందటి ఊరికి చేర్చాలె. మా ఊరికెల్లి దాన్ని మోసింది నా మొగడే. సర్కారు తుపాకులు వచ్చినై. ఆడు మల్ల రాలె.” కొంగుతో మూతి తుడుచుకుంది. “ఇప్పుడు మా ఇంట్ల మొగోళ్ళు లేరు. ఎవని మీదనో చెప్తే మా ఊరోళ్ళకు చెప్త.”

మా మామగారు ఆ గొడవలన్నీ సద్దుమణిగాక వచ్చినవారు. మా ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. రోజూ మా అరుగు ముందు నుంచి నడిచివెళ్ళే మనుషులు సర్కారు మీద చేసిన యుద్ధం ఇది. పట్టాళమూ ఏనుగులూ విన్న చెవులకు ఇది ఎన్నడూ వినబడలేదు. నాకు నవ్వు రావాలి, రాలేదు. పొద్దుటి నుంచి దాచుకున్నది బయటికి వచ్చింది.

“నా మీద అవ్వా. నా కండ్ల మీద కట్టిన్రు.”

ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “నీ మీదనా? ఒక్క ఆడిదాని మీదికి ఇంత పెద్ద కొమ్మనా?”

వంటింటి గుమ్మంలో అత్తమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. వీధి గుమ్మం దగ్గరికి పోయి పీట ఎక్కి, మిరపకాయలు ఒక్కొక్కటే తెంపింది. కొమ్మను మాత్రం ఉంచింది. దిగి వచ్చి, నా ముఖం చూడకుండా, “పక్కింటామెకు రావద్దని చెప్పు” అంది. పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మరిది వచ్చాడు. ఖాకీ బట్టలు, బూట్లు, చిక్కిపోయిన బుగ్గలు. వస్తూనే నవ్వుతున్నాడు. “వదినే, ఊరి బయట జనమంత గుమిగూడిన్రు. నా ఖాకీని చూసి ఒకటే ఉరుకుడు అడవిలకు! ఏందే ఇది?”

“ముందు కుడికాలు పెట్టు” అన్నాను.

ఎర్రనీళ్ళు దిగదుడిచాను. కర్పూరం వెలిగించి పళ్ళెం ఎత్తాను. వెలుతురులో వాడి ముఖం చూద్దామనుకున్నాను. వాడి కళ్ళు నా భుజం మీదుగా లోపలికి పోతున్నాయి, గోడ పక్కన నిలబడ్డదాని దగ్గరికి. ఆ క్షణంలో కూడా నాకు చురుక్కుమంది. చూపు పక్కకు తిప్పుకున్నాను.

వీధికి అవతల ముసలమ్మ నిలబడి ఉంది. ఊరివాళ్ళకు చెప్తానన్న మనిషి ఇంకా వెళ్ళలేదు. మరిదిని బూట్ల నుంచి టోపీ దాకా చూసింది. తర్వాత నా చేతిలోని పళ్ళేన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

ఆ చూపు నాకు తెలుసు. ఇన్నేళ్ళు చిన్నదాన్ని నేను చూసిన చూపు అది. యుద్ధానికి పోయిన మనిషి తిరిగి వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు, హారతి నా చేతిలో ఉంది. ఆమె చేతికి ఆ పళ్ళెం ఎప్పుడూ రాలేదు. ఒక్కరైనా నన్ను చూసి కుళ్ళుకోవాలని దేవుణ్ణి అడిగాను కదా, ఇచ్చాడు. “ఏమైంది వదినే?” అని మరిది అడుగుతున్నాడు. పళ్ళెంలో కర్పూరం ఆరిపోయింది, నేను తల ఎత్తలేకపోయాను.