మా తాత బిగించిన నట్లు

విశాఖ రేవుకు వచ్చే ఓడలకు చక్రాలు లేవు గానీ, ఉంటే గనక మా తాత తవిటయ్య ఒక్కడే కింద జాకీ పెట్టి, ఓడను ఎడంచేత్తో ఎత్తి, టైర్లన్నీ మార్చేసి, కెప్టెన్ టీ తాగి వచ్చేలోపు నీళ్ళలో దించేసేవాడు. యారాడ కొండకు పంచరు పడినా కబురు రావలసింది మా కూర్మన్నపాలెం సందుకే. ఈ మాట నేను ఊరంతా చెప్పుకుని తిరుగుతాను. అచ్యుతాపురం రోడ్డు మీద జరిగిందాన్ని మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మా తాతకు కూర్చోవడం రాదు. ఊరూ పొలమూ ఉక్కు ఫ్యాక్టరీ కిందకి పోతే, బదులుగా వచ్చిన ఉద్యోగంలో ఫిట్టర్‌గా చేరి, రిటైరయ్యేదాకా రోలింగ్ మిల్లులో నట్లు బిగించాడు. ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి సొంతింటికి వచ్చినా ఒంట్లోంచి షిఫ్టు పోలేదు. ప్లాంటు బస్సులు కదిలే వేళకు గేటు దాకా వెళ్ళి నిలబడతాడు. తాను ఎక్కాల్సిన బస్సు లేదని గుర్తొచ్చాక, వెనక్కి వచ్చి కారు తుడుస్తాడు. కారు మీద పడ్డ నల్లటి బొగ్గుదుమ్మును వేలితో తీసి చూసి, "ఇయ్యాల గాలి రేవు కాడ్నించి తిరిగింది" అని తేలుస్తాడు.

"ఆ దుమ్ముకి జాతకం కూడా సూసీ," అంటుంది మా మామ్మ ఆదిలక్ష్మమ్మ, అరుగు మీంచి.

ఆ పాత కారు కొన్నది మామ్మ కోసమే. ఆమెకు బస్సు పడదు. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, డ్రైవరును తిట్టుకుంటూ కూర్చోవాలి.

పోయిన వేసవిలో, అచ్యుతాపురంలో ఉండే ఆమె మేనల్లుడు సాయిశంకర్‌కు కూతురు పుట్టింది. పుట్టింటి వైపు మామ్మే పెద్దది. ఆ ఇంట్లో పుట్టిన బిడ్డ ఎవరైనా బారసాల నాడు ఉయ్యాల్లో వేసే చెయ్యి ఆమెదే. సాయిశంకర్‌నూ ఆ చెయ్యే వేసింది. కొత్త చీర కట్టుకుని, బిడ్డకు వెండి మొలతాడు పట్టుకుని, ఆ రోజు తాత పక్కన కూర్చుంది. వెనక సీట్లో నేను, పళ్ళబుట్ట.

దారిలో టైరు కూర్చుండిపోయింది.

"ఇదొక పనేటి? నువ్వు దిగకు, నీడలో కూకున్నట్టు కూకో," అన్నాడు తాత, మండుటెండలో. స్టెప్నీ దించాడు, కారుతో వచ్చిన పానా తీశాడు, నట్టుకు పెట్టి లాగాడు. కదల్లేదు. పానా మీద నిలబడ్డాడు. ఎగిరాడు. నట్టును పేరు పెట్టి తిట్టాడు. పానా జారి మోకాలు కొట్టుకుంది గానీ ఒక్క నట్టూ పక్కకు తిరగలేదు. ఫ్యాక్టరీలకు పోయే లారీలు మా మీద దుమ్ము పోసి పోతున్నాయి. చివరికి ఒక లారీ డ్రైవరు ఆగి, తన దగ్గరున్న ఇనపగొట్టం పానాకు తొడిగి విప్పి పెట్టాడు.

మేం చేరేసరికి బిడ్డ ఉయ్యాల్లో ఊగుతోంది. ముహూర్తం దాటిపోతోందని వేరే ఆవిడ చేత వేయించారట. మామ్మ మొలతాడు కట్టింది, అందరినీ పలకరించింది, భోజనం చేసింది. ఇంటికొచ్చి కారు దిగి, తలుపు వేస్తూ అంది.

"ఇంక నీ కారెక్కను."

"నా తప్పేటే? ఆ పోలిరాజుగాడు సచ్చేలాగ బిగించీసినాడు!"

పోలిరాజుకు మా జంక్షన్‌లో పంచరు షాపుంది. తాతను బావా అని పిలుస్తాడు. జంక్షన్‌లో కూడా అదే మాట చెప్పి, ఆ రోజు నుంచి తాత అతని షాపు ముందు నుంచి నడవడం మానేశాడు. పాలప్యాకెట్టు కోసం జంక్షనంతా చుట్టి వచ్చేవాడు.

బిడ్డకు అన్నప్రాసన పెట్టుకున్నామని కబురు వచ్చింది. మామ్మ బజారు నుంచి నిమ్మకాయలు తెచ్చి, తాతకు కనబడేలా బల్ల మీద పెట్టింది.

"బస్సుకా?" అన్నాడు తాత.

"కాదు, పచ్చడికి," అంది మామ్మ. "బస్సుకే."

ఇక తాత కాలు నిలవలేదు. నన్ను బండి తియ్యమని, గాజువాకలో సామాన్ల షాపుకు తీసుకుపోయాడు. నాలుగు కొమ్ముల పానా, లాగితే పొడుగయ్యే పానా, నూనె జాకీ, మడత జాకీ, అన్నీ కిందకి దింపించాడు. ఒక్కోదాన్నీ వంకాయలు ఏరినట్టు చేతిలో ఆడించి చూశాడు. వాసన కూడా చూసుంటాడు, నేను అటు తిరిగినప్పుడు.

"ఇంటికాడ టైరు మార్సుకోడానికి ఏదైనా సాలుద్ది బాబూ," అన్నాడు షాపతను.

"పొడుగు సాల్దు."

"ఇంతకన్నా పొడుగైతే నట్టు కాదు, కారే తిరుగుద్ది."

"తిరగనీ. నువ్వు పొడుగుది సూపించు."

చివరికి నాలుగు కొమ్ములదీ, నూనె జాకీ కొన్నాడు. ఇంటికి రాగానే తలుపు వెనక నుంచి తన గొట్టం బయటికి తీశాడు. మిల్లులో పానాకు బలం చాలకపోతే దాని చివర గొట్టం తొడిగి లాగడం వాళ్ళ అలవాటు. అక్కడ ఒక్క నట్టు వదులైతే పనంతా ఆగిపోతుంది. అందుకే "నట్టు ఏడిసేదాకా బిగించాల" అన్నది మా తాతకు ఉన్న ఒకే ఒక వేదాంతం.

సందులోనే సాధన మొదలైంది. చక్రాలకు అడ్డంగా రాళ్ళు పెట్టడం, కారు ఎత్తడం, చక్రం తీయడం, మళ్ళీ వేయడం. కారు కిందకి దించాక గొట్టం తొడిగి బిగించడం. స్కూలు ఆటోలు హారన్ కొట్టి కొట్టి వెనక్కి పోయాయి. మామ్మ అరుగు మీద తోటకూర బాగు చేస్తూ, చూడనట్టు చూసేది.

మర్నాడు పొద్దున్న తాత చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "ఏటే గుంటా, నిన్న బిగించింది ఇయ్యాల ఇప్పి సూపిత్తాను. మీ మామ్మని కూడా పిలు."

మామ్మ పిలవకుండానే వచ్చి గుమ్మంలో నిలబడింది.

పానా పెట్టి లాగాడు. రాలేదు. గొట్టం తొడిగి లాగాడు. రాలేదు. నన్నూ పట్టుకోమన్నాడు. తాతా మనవరాలూ బావిలో పడ్డ గేదెను లాగుతున్నట్టు లాగాం. టప్పుమని చప్పుడైంది, ఇద్దరం వెల్లకిలా పడ్డాం. నట్టు విరిగిన బోల్టు ముక్కతో సహా ఊడి కాలవలోకి దొర్లింది.

నేను నవ్వాను. తాత మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. ఆయన ఆ విరిగిన బోల్టును చూడ్డం లేదు. చేతిలో గొట్టాన్ని చూస్తున్నాడు.

ఇంటికి వచ్చి బోల్టు మార్చేవాడు పోలిరాజు తప్ప మరొకడు లేడు. నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. అతను చక్రం ముందు గొంతుకూర్చుని, మిగిలిన నట్లను వేలితో తడిమాడు.

"ఎవులు బిగించినారు బావా?"

తాత సందు చివర విద్యుత్ స్తంభాన్ని పరీక్షగా చూస్తున్నాడు.

"పోయిన ఏసంగిలో నానే బిగించీసినానని జంక్షన్‌లో సెప్పావంట. నా కాడికి నువ్వు గాలికే వచ్చేవోడివి. ముందు సక్రాలు ఎనక్కి, ఎనకవి ముందుకీ మార్సుకున్నది నువ్వే, ఈ సందులోనే. నాను నీ సక్రం ముట్టుకున్నానేటి?"

"నేదు," అన్నాడు తాత స్తంభంతో.

"ఇది మిల్లు కాదు బావా, కారు. బిగించినోడే మల్లీ ఇప్పుకోవాల. సేత్తో బిగించు సాలు. ఒల్లంతా ఏలాడీకు."

పోలిరాజు బోల్టు మార్చడం అయ్యేదాకా తాత అతని పక్కనే నిలబడి, అడక్కుండానే సామాన్లు అందించాడు. కాఫీ తనే తెచ్చిచ్చాడు. ఆ తర్వాత అరుగు చుట్టూ తిరిగాడు, లోపలికి వెళ్ళాడు, బయటికి వచ్చాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి మామ్మ ముందు ఆగాడు.

"ఆ రోజు పోలిరాజు కాదే. నానే. బిగించిన గొట్టం ఇంట్లో తలుపెనక ఉండిపోయింది, ఇప్పాల్సిన నట్టు రోడ్డు మీద ఉంది. నీ సేత్తో ఉయ్యాల్లో ఎయ్యాల్సిన పిల్ల..."



"తెల్సు," అంది మామ్మ.

"ఎప్పుడు తెల్సు?"

"ఆ లారీవోడు గొట్టం తీసినప్పుడే. మనింట్లో తలుపేసినప్పుడల్లా మోగేది అదే కదా."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వు సెప్తావేటో సూద్దామని. పాపం పోలిరాజు మీదకి తోసీసినావు. ఎదవ నట్లు నాకేటి? అందుకే ఇన్నాల్లూ ఎక్కనేదు."

తాత తలూపాడు. ఊపుతూనే ఉన్నాడు. "మరిప్పుడు?"

మామ్మ చీర చెంగు నడుముకు దోపుకుని సందులోకి దిగింది. "నువ్వు బిగించు. నాను ఇప్పుతాను. ఇప్పగలిగితే ఎక్కుతాను."

అప్పుడు మొదలైంది అసలైన ఎంపిక. తాత గొట్టం ముట్టుకోకుండా, చేతి బలంతో బిగించాడు. కారుతో వచ్చిన పొట్టి పానా మామ్మ చేతికి చాల్లేదు. నాలుగు కొమ్ములదాన్ని అటూ ఇటూ తిప్పి, "దీనికి రెండు సేతులు సాలవు, అమ్మోరికివ్వు," అని నా చేతిలో పడేసింది. కాఫీ తాగి సామాన్లు సర్దుకుంటున్న పోలిరాజు తన సంచిలోంచి లాగితే పొడుగయ్యే పానా తీసి ఇచ్చాడు. గాజువాక షాపులో తాత పొడుగు చాలదని పక్కన పెట్టేసిన రకమే అది. మామ్మ దాన్ని నట్టుకు తగిలించి, గోడ పట్టుకుని, కుడికాలు ఎత్తి పానా మీద వేసి ఒక్క తొక్కు తొక్కింది. కిర్రుమంది నట్టు.

"ఇది కొను," అంది. కాలు దులుపుకుని అరుగు మీదకి వెళ్ళిపోయింది.

అన్నప్రాసన నాడు కారెక్కింది, నిమ్మకాయ చేతిలో పట్టుకునే. "అలవాటు," అంది తాత చూపుకు జవాబుగా. దారిలో తాత ఒకచోట ఆపి, దిగి, నాలుగు చక్రాలూ చుట్టి వచ్చాడు.

"మల్లీ బిగించావేటి?"

"నేదు. ముట్టుకుని సూసినానంతే."

సాయిశంకర్ బిడ్డను తెచ్చి మామ్మ ఒళ్ళో పెట్టాడు. "మేనమావ పెట్టాక నువ్వే పెట్టాల అత్తా," అన్నాడు. పాయసం నోట్లో పడగానే ఆ పిల్ల మామ్మ వేలు కొరికి పట్టుకుంది. వదిలిస్తే ఏడుపు. వదిలించడానికి ఏ పానా పనికిరాలేదు.

గొట్టం ఇప్పుడు మా పెరట్లో చిక్కుడు పాదుకు రాట. తాత ఇంకా కూర్చోలేదు, రోజుకో నట్టు ముట్టుకుని చూస్తున్నాడు. ఇదంతా రాసి ఆయనకు చదివి వినిపించాను. వింటున్నంతసేపూ కారు చుట్టూ తిరిగాడు. ఆఖర్న అడిగాను: "తాతా, నిజం సెప్పు, ఆ రోజు మామ్మ నీ పానాని సూసి ఎక్కిందా, నిన్ను సూసి ఎక్కిందా?"

"పానాని సూసే. నన్ను సూసి ఎవులెక్కుతారే ఎర్రి గుంటా? రాత ఆపీసి స్టెప్నీలో గాలుందో నేదో సూడు."