మెట్ల కింద చివరి మూడు సెల్స్

2023 జూన్ 13, మంగళవారం, ఉదయం ఏడు గంటలకు మార్టూరు దగ్గరి ఒక పల్లెలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బ్యాటరీల పరీక్ష మొదలుపెట్టాను. అప్పుడు నేను ఆస్పత్రి భవనాల విద్యుత్ విభాగంలో డిప్యూటీ ఇంజనీరును. పదవీ విరమణకు పది నెలలుంది. ప్రసవాల గదికి వెలుగిచ్చే సోలార్ బ్యాటరీలు పనికొస్తాయో లేదో తేల్చి, పనికిరాకపోతే తొలగింపు పత్రం రాయడం నా పని.

ఆ గది ఉంటుందో పోతుందో ఆ పత్రమే తేల్చాలి. అంతకుముందు నవంబరు 16 సాయంత్రం కరెంటు పోయి, కాన్పు మధ్యలో బ్యాటరీ దీపాలూ ఆరిపోయాయి. ఆయా ఫోను టార్చి పట్టుకుంటే, స్టాఫ్ నర్సు మస్తాన్‌బీ ఆ కాన్పు పూర్తి చేసింది. మర్నాటి నుంచి డాక్టరుగారు అక్కడ కాన్పులు ఆపేసి, వచ్చినవాళ్లను చీరాల పంపుతున్నారు. కొత్త బ్యాటరీలకు మరుసటి ఏడాది గానీ నిధులు రావు. ఆలోగా గదిని స్టోరుగా మార్చి, మస్తాన్‌బీని వేరేచోట వెయ్యాలని పైనుంచి మాట వచ్చింది.

అక్కడున్నవి డీప్ సైకిల్ బ్యాటరీలు. కారు బ్యాటరీ ఇంజను తిరగడానికి ఒక్కసారి గట్టిగా శక్తినిచ్చి ఊరుకుంటుంది. ఇవి గంటల తరబడి నిదానంగా ఇస్తూ అడుగంటా ఖాళీ అయి, మళ్లీ నిండాలి. రెండు వోల్టుల సెల్స్ పన్నెండు వరసగా కలిపితే ఇరవై నాలుగు వోల్టులు. నలభై ఆంపియర్లు పది గంటలపాటు ఇవ్వాలి. వాడుకలో ఉన్నవి ఎనిమిది గంటలిస్తే చాలు, ఉంచవచ్చు. ఈలోగా ఏ ఒక్క సెల్ 1.85 వోల్టులకు పడిపోయినా పరీక్ష అక్కడితో ఆపాలి.

నలభై ఆంపియర్లు లాగడానికి నాకు దొరికింది లారీ హెడ్‌లైట్లు. రాళ్ల లారీలు బాగుచేసే షెడ్డు నుంచి పద్నాలుగు బల్బులు తెప్పించి చెక్కకు బిగించాను. అవి వెలగగానే మస్తాన్‌బీ అంది: “రోడ్డుకేసి తిప్పకండి మేడం, ఎదురొచ్చే లారీవాళ్లు పక్కకు తీసేస్తారు.”

బల్బులు వేసేముందు హైడ్రోమీటరుతో ప్రతి సెల్‌లో ఆమ్లం సాంద్రత చూశాం. చూసింది అటెండరు కోటయ్య. సెల్స్ మెట్ల కింద గూటిలో ఉన్నాయి. నా మోకాళ్లు వంగవు కనుక కుర్చీలో కూర్చుని అతను చెప్పిన అంకెలు రాసుకున్నాను. తొమ్మిది సెల్స్‌కు 1240కి అటూ ఇటూ వచ్చింది. లోపలి మూలనున్న చివరి మూడింటికి 1275. సాంద్రత ఎక్కువుంటే సెల్ బాగా నిండినట్టు లెక్క కనుక, అవే అన్నిటికంటే బాగున్నాయనుకున్నాను.

పది గంటల ఇరవై నిమిషాలకు పన్నెండో సెల్ 1.85కి పడిపోయింది. పది, పదకొండు దాని వెనకే దిగుతున్నాయి. మిగిలిన తొమ్మిదీ 1.98కి తగ్గలేదు. బల్బులు ఆర్పించాను. ఎనిమిది గంటలివ్వాల్సినవి మూడు గంటల ఇరవై నిమిషాలకే ఆగిపోయాయి.

మస్తాన్‌బీ గుమ్మంలో నిలబడి ఉంది. “పోయినేడు కూడా మీరే వచ్చారుగా మేడం. బాగున్నాయని రాసిపోయారు. ఆ కాగితం దీపమేమన్నా వెలిగించిందా?” అంది.

నోటుపుస్తకంలో 2022 మే నెల పేజీ తీశాను. అప్పుడూ చివరి మూడింటికే ఎక్కువ, 1265. పక్కన నా చేతిరాతతో ‘చాలా బాగున్నవి’ అని ఉంది.

ఈసారి నేల మీద కూర్చున్నాను. పన్నెండో సెల్ మూత తీయించి, టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి చూశాను. పలకలు ఆమ్లంలోంచి బయటికి తేలి ఉన్నాయి. నీరు ఇగిరితే పులుసు చిక్కబడ్డట్టే, నీళ్లు తగ్గిన సెల్‌లో ఆమ్లం చిక్కబడి సాంద్రత ఎక్కువ చూపిస్తుంది. ముప్పై రెండేళ్లుగా శిక్షణ తరగతుల్లో నేను చెబుతున్న మాట ఇదే.

నీళ్లెలా పోస్తావో చూపించమని కోటయ్యను అడిగాను. అతను గుమ్మం వైపు ఒకటో సెల్ దగ్గర మొదలుపెట్టి, ఒక్కోటీ నిండుగా పోసుకుంటూ వెళ్లాడు. తొమ్మిదోది నిండేసరికి అయిదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఖాళీ.

“మరి మిగతావాటికి?”

“నెలకు ఇచ్చేది ఒక్క డబ్బా అమ్మగారూ. అయిపోతే నేనేం చెయ్యను? పంపు నీళ్లు పొయ్యొద్దని మీరే గదా తిట్టారు!”

అతను చెప్పింది నిజం. డబ్బాలోవి పన్నెండింటికీ సర్దమని గానీ, రెండో డబ్బా అడగమని గానీ నేను చెప్పలేదు.

తొలగింపు పత్రం రాయలేదు. సెట్‌లో ఒక్క సెల్ చెడినా పన్నెండూ తీసేయడం మా విభాగంలో అలవాటు. అలా తీసేసిన సెట్ ఒకటి, అదే తయారీది, అదే ఏడాదిది, గుంటూరు స్టోరులో ఉంది. ఆ పన్నెండింటినీ చార్జి చేసి విడివిడిగా పరీక్షిస్తే ఏడు బాగున్నాయి. వాటిలో మూడు తీసుకుంటానని పై అధికారికి ఒక పేజీ నోటు పెట్టాను.

“తీసేసినవి మళ్లీ పెడతారా? రేపు ఆరిపోతే ఎవరిదండీ బాధ్యత?” అని ఫోనులో అడిగారాయన.

“కింద సంతకం నాదేనండి,” అన్నాను.

ఆ మూడు సెల్స్ తెచ్చి బిగించాక, జూన్ 27న, ఉదయం ఏడింటికే, మళ్లీ అవే పద్నాలుగు బల్బులు వేశాం. ఈసారి అంకెలన్నీ నేను వంగి చూసి రాసుకున్నవే. మధ్యాహ్నం దాటాక మస్తాన్‌బీ రోగులను చూసుకుంటూనే పది నిమిషాలకోసారి వచ్చి వెళ్లింది. మూడు గంటలకు ఎనిమిది గంటలు పూర్తయ్యాయి. అన్నిటికంటే తక్కువున్న సెల్ 1.89.

“నెగ్గాయి గదా, ఇంక ఆర్పెయ్యండమ్మగారూ, కళ్లు పోతున్నాయి,” అన్నాడు కోటయ్య.

“నిన్నెవరు చూడమన్నారు కోటయ్యన్నా? అటు తిరుగు. వాటిని ఎంతసేపుంటాయో ఉండనీ,” అంది మస్తాన్‌బీ.

మూడు నలభైకి ఆర్పాను. ఎనిమిది గంటల నలభై నిమిషాలు. నాలుగింటికి డాక్టరుగారు కాన్పులు మళ్లీ మొదలుపెట్టమని రాసిచ్చారు. మూడు రోజులకు, జూన్ 30న పగలు పదకొండూ ఇరవైకి ఆ గదిలో ఆడపిల్ల పుట్టింది. ఆ పూట కరెంటు పోలేదు కనుక బ్యాటరీలతో పనిపడలేదు. నెలకు రెండు డబ్బాలు మంజూరు చేయించాను. కోటయ్య ఇప్పుడు పన్నెండో సెల్ దగ్గర మొదలుపెట్టి గుమ్మం వైపు వస్తాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. తక్కువ వచ్చిన అంకెను అందరూ అనుమానిస్తారు. మిగతావాటికంటే ఎక్కువ వచ్చిన అంకెనూ అలాగే అనుమానించాలి, మూత తీసి కంటితో చూడాలి.

పోయినవి: సెల్స్ మూడు. ప్రసవాల గది మూతపడి ఉన్న కాలం ఏడు నెలల పదకొండు రోజులు. అంతవరకూ నొప్పులతో చీరాల పంపినవాళ్లు ఇరవై ముగ్గురు. వారిలో దారిలో ఆటోలోనే కన్నవారు ఒకరు, తల్లీబిడ్డా క్షేమం. 2022 మేలో పెట్టి, చెల్లకుండా పోయిన సంతకం ఒకటి, నాది.