గీత గీసిన చెవులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళకే ఉద్యోగం వచ్చిన పిల్లని. మెళ్ళో గుర్తింపు కార్డు, బండి డిక్కీలో సూదులూ మందులూ. పశువుల డిప్లొమా చదివి గ్రామ సచివాలయంలో పశువైద్య సహాయకురాలిగా చేరిన నన్ను, అద్దంకి అవతల ఆ మిరప పల్లెలో దిగిన రెండో రోజు నుంచే అందరూ ‘డాక్టరమ్మా’ అనడం మొదలుపెట్టారు. నేను డాక్టర్ని కాను. ఆ ముక్క అప్పుడే చెప్పాల్సింది. చెబుదామనే అనుకున్నాను కూడా, కానీ ఆ పిలుపు ఎంత బావుందనుకున్నారు! (చీరాలలో మా ఇంట్లో నన్ను ‘ఒసేయ్’ అని తప్ప పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.) దాచిన సంగతి ఇంకొకటి కూడా ఉంది. నాకు కుక్కలంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు మా మగ్గాల సందులో ఒక కుక్క నా సైకిలు వెంటపడి చర్చి మెట్ల దాకా తరిమింది. గేదెలైతే సరే, కొమ్ములు ఊపుతాయే గాని వెంటపడవు. ఆ ధైర్యంతోనే ఆ చదువులో చేరాను.

ఊళ్ళో నన్ను మొదట నమ్మినవాడు ఘాటు బాబాయి. మాటలో మిరపకాయ ఘాటు ఉంటుందని ఊరు పెట్టిన పేరది. ‘ఈ పిల్లకేం తెలుసు’ అని అందరూ గేదెల్ని పక్కకి తోలుకుపోతుంటే, ఆయన తన చూడిగేదెను తెచ్చి నా ముందు కట్టేసి, “నువ్వు సూది పొడువమ్మా, ఏమవుద్దో చూద్దాం” అన్నాడు. ఏమీ కాలేదు. దాంతో మర్నాటి నుంచి ఊరంతా నా దగ్గరికే. అలాంటి మనిషి, మిరపకాయ కోతలు మొదలైన రోజుల్లో, ఒక సోమవారం, మూడు నెలల కుక్కపిల్లని భుజాన వేసుకుని వచ్చి, “డాక్టరమ్మా, దీనికి చెవులు కోసిపెట్టాల” అన్నాడు.

వేటకుక్క జాతి పిల్ల అది. గోధుమరంగు ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళు, మొహానికి రెండు వైపులా వేలాడే పెద్ద చెవులు. వేటంటే ఇప్పుడు వేటేం లేదు, మిరప చేలోకి దిగే అడవిపందుల్ని అరిచి తరమడమే దాని ఉద్యోగం. బాబాయి దానికి పెట్టిన పేరు టైగర్. వాళ్ళమ్మ, అంటే మామ్మగారు, బుజ్జి అంటుంది. అది బుజ్జికే పలుకుతుంది. ఆ ఇంట్లో అంతకుముందు ఒక పెద్ద టైగర్ ఉండేదట. “పంది చెవి పట్టుకుని ఈడ్చేసిందమ్మా. వానాకాలం. చీము పట్టి, పురుగులు పడి, ఇరవై రోజులు నా మంచం కిందే మూలిగి మూలిగి పోయింది. అందుకే దీనికి ముందే తీసేద్దామని. చెవి లేకపోతే పంది దేన్ని పట్టుకుద్ది?” అన్నాడు. అంతటి ఘాటు మనిషి గొంతూ ‘మూలిగి’ అన్నచోట సన్నబడింది.

మరి ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళే లేరా అంటే, ఒకప్పుడు ఉండేవాడట, గొర్రెల బొచ్చు కత్తిరించే తాత ఒకాయన. ఆ చుట్టుపక్కల ఒక నమ్మకం ఉంది. చెవులు కోసేటప్పుడు ఎవరి ఒళ్ళో ఉందో ఆ మనిషికి కుక్క ప్రాణమిస్తుంది, కత్తెర పట్టినవాణ్ణి మాత్రం జన్మలో మరిచిపోదు, క్షమించదు. ఆ తాత వీధిలో అడుగుపెడితే ఊరికుక్కలన్నీ ఒక్కసారిగా లేచేవట, పాపం కర్ర లేకుండా టీ తాగడానికి కూడా వచ్చేవాడు కాదట. ఆయన పోయాక ఇంకెవరూ కత్తెర ముట్టలేదు. ఇన్నాళ్ళకి, బయటినుంచి వచ్చి, కొన్నాళ్ళుండి, బదిలీ మీద వెళ్ళిపోయే మనిషి ఒకతె దొరికింది. కుక్క పగబడితే పగబట్టనీ, ఆమె ఊళ్ళో ఉంటేగా!

కోయకూడదని మాకు పాఠంలో చెప్పారు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా నన్ను అందరికంటే ముందు నమ్మిన మనిషి, చుట్టూ పదిమంది. నా నోరు నా మాట వింటేనా? “దాందేముంది బాబాయిగారూ, గురువారం చేసేద్దాం” అనేశాను.

ఆయన అటు వెళ్ళగానే గోడ చాటుకి పోయి మా అసలు డాక్టరుగారికి ఫోన్ చేశాను.

“చెయ్యకూడదమ్మా. వెళ్ళి చెప్పెయ్” అన్నారాయన.

“ఎలా చెప్పాలి సార్?”

“నోటితో” అని పెట్టేశారు.

ఆ నోటితో చెబుదామనే మంగళవారం వాళ్ళింటికెళ్ళాను. నేను కుర్చీలో కూర్చోగానే కుక్కపిల్ల వచ్చి నా చెప్పు మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. భయంతో కాలు కదపలేక కొయ్యలా ఉండిపోయాను. మామ్మగారు టీ ఇస్తూ చెవిలో, “నువ్వు చెబితే వింటాడమ్మా. పసిదాని మొహాన కత్తెరేందమ్మా? కోసినాక ఇట్టా పడుకుంటదా ఎవరి కాళ్ళ మీదన్నా?” అంది. ఆమె లోపలికి పోగానే బాబాయి వంగి, “మా అమ్మ మాట పట్టించుకోమాక. పెద్ద టైగర్‌ని చూసుంటే అట్టా అనేది కాదు... చూసింది గాని మర్చిపోయింది” అన్నాడు. ఇద్దరిదీ నిజమే. ఎవరి వైపు తలూపాలో తెలియక ఇద్దరికీ ఊపాను. ఊపి, ఏదో ఒకటి చెయ్యాలి కదా అని, బ్యాగులోంచి నల్ల మార్కర్ పెన్ను తీసి, “ముందు గీత గీసుకోవాలండీ, ఇది మొదటి దశ” అని, దాని రెండు చెవుల మీదా సగానికి అడ్డంగా ఒక్కో గీత గీశాను. అది నిద్రలోనే నా వేలు నాకింది.

ఇంత తెలివితక్కువ పని నా జీవితంలో ఇంకొకటి చెయ్యలేదు. ఆ పెన్ను నీళ్ళకి పోయే రకం కాదు. రెండు రోజులపాటు కుక్కపిల్ల ఆ గీతలతోనే వీధులన్నీ తిరిగింది. అది కనపడిన ప్రతివాళ్ళూ దాన్ని ఆపి, చెవి పట్టుకుని, “ఇక్కడిదాకా పోద్ది” అని ఒకళ్ళకొకళ్ళు చూపించుకున్నారు. బుధవారం నాకు అన్నం సహించలేదు. చెప్పకపోతే దాని చెవులు పోతాయి. చెబితే బాబాయి ముందు, ఊరి ముందు నేను పోతాను. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, ఆ రెండింట్లో ఏది పెద్దదో తేల్చుకోవడానికి నాకు ఆ రోజంతా పట్టింది. తేలలేదు కూడా.

గురువారం పొద్దున బాబాయి మిరప కల్లంలో జనం చేరారు. ఎర్రగా పరిచిన కాయల మధ్య కొంచెం చోటు చేసి, పట్టా వేసి, దాని మీద బాబాయి కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన పసుపు, గిన్నెలో మరిగించిన కత్తెర. ఆయన బావమరిది వెనక కాళ్ళు పట్టుకున్నాడు. “మత్తు సూది లేకుండా ఎలాగండీ?” అన్నాను చివరి ఆశగా. “పిల్లప్పుడు నొప్పి తెలవదమ్మా” అన్నాడు బావమరిది, ఎప్పుడో కుక్కపిల్లగా ఉండి వచ్చినవాడిలా. కత్తెర చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే ఎవరో ఫట్‌మని తుమ్మారు.

“తుమ్మారు! ఆపండి, శకునం బాగాలేదు” అని మామ్మగారు లేచింది.

“కల్లంలో తుమ్ముకి శకునమేందమ్మా? ఇక్కడ తుమ్మనిదెవురు?” అన్నాడు బాబాయి, అని తనూ తుమ్మాడు. మిరప కల్లంలో తుమ్ము లెక్కలోకి రాదు, అది ఊరికి తెలిసిన సంగతే. ఎవరూ నవ్వలేదు. కుక్కపిల్ల కూడా చిన్నగా తుమ్మి, నా మొహంలోకి చూసి తోక ఊపింది. చెవి పట్టుకున్నాను. వెచ్చగా, మెత్తగా, పలచగా ఉంది. నేను గీసిన గీత మీదికి కత్తెర తెచ్చి, ఎందుకో తలెత్తి చూస్తే, బాబాయి కళ్ళు గట్టిగా మూసుకుని మొహం పక్కకి తిప్పుకుని ఉన్నాడు. ఆయన చేతులు నా చేతులకంటే ఎక్కువ వణుకుతున్నాయి.

“నేను డాక్టర్ని కానండీ” అన్నాను. “నాకిది రాదు. వచ్చినా చెయ్యకూడదు. వచ్చి, చెయ్యొచ్చన్నా కూడా నేను చెయ్యను. నాకు కుక్కలంటే భయం కూడా.” (ఆ చివరిది ఎవరూ అడగలేదు. ఒకసారి నిజం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియలేదు.)

బాబాయి కళ్ళు తెరిచాడు. “ఆ మాట సోమవారం చెప్పకూడదా? ఊరందరినీ పిలిపించి, కత్తెర మరిగించి, ఇప్పుడా చెప్పేది? నువ్వేం మనిషివే!” అని అరిచాడు. నేను ఏడ్చేశాను. కోపంగా నా చేతిలోంచి కత్తెర లాక్కుని, “ఇట్టా తే, నేనే కోస్తా” అన్నాడు. కుక్కపిల్ల ఆయన వైపు తిరిగి ఆయన గడ్డం నాకింది. కత్తెర అలాగే గాల్లో నిలబడింది. కాసేపటికి ఆయన దాన్ని బావమరిది వైపు చాపాడు, “నువ్వు కొయ్యరా.” బావమరిది కాళ్ళు వదిలేసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, “నాకెందుకు బావా, రోజూ మీ ఇంటికొచ్చేవాణ్ణి.” పక్కవాడికి చాపాడు, వాడు లేచి నిలబడ్డాడు. ఆ పక్కవాడికి ఫోన్ వచ్చిందట. నిన్నటిదాకా ‘ఇక్కడిదాకా పోద్ది’ అని చూపించిన పెద్దమనుషుల్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆ కత్తెర ముట్టుకోలేదు.

చివరికి మామ్మగారు వచ్చి అందుకుంది. అందరం హడలిపోయాం. ఆవిడ కుక్క వైపు చూడనుకూడా లేదు. కొడుకు భుజం మీది తువ్వాలు లాగి, నిలువునా రెండుగా కత్తిరించి, ఒక ముక్క నా ఒళ్ళో పడేసింది. “చీరాల మగ్గాల దానివిగా? ఏడుపాపి, చెవులు వెనక్కి కట్టేసేలా దీనికో టోపీ కుట్టు. పందికి అందేది చెవేగా?”

కుట్టాను. తువ్వాలు ఆగలేదు, తర్వాత దుప్పటి గుడ్డతో ఇంకొకటి, గోనెగుడ్డ వేసి మరొకటి. మరుసటి ఏడు టైగర్ పూల దుప్పటి టోపీ పెట్టుకుని మిరప చేలో పందుల వెంట పరిగెత్తింది. (పందులు భయపడి పారిపోయాయో, చూడలేక పారిపోయాయో ఊరు ఈనాటికీ తేల్చలేదు.) కానీ టోపీ ఎప్పుడూ నిలవదు కదా. ఒకసారి ఊడిపోయిన రోజున ఒక పంది దొరకబుచ్చుకుని కుడి చెవి కొసని చీల్చేసింది. కబురు వినగానే ఫోన్ చేశాను. అసలు డాక్టరుగారు వచ్చి కుట్లు వేశారు, పదిహేను రోజులు పొద్దునా సాయంత్రం నేనే వెళ్ళి కట్టు కట్టాను. భయమా? ఆ పదిహేను రోజుల్లో ఎప్పుడు పోయిందో చూసుకోలేదు. ‘నేను ముందే చెప్పలా?’ అని బాబాయి అంటాడని రోజూ ఎదురుచూశాను. అనలేదు.

మొన్న బదిలీ వచ్చి, చెప్పి వద్దామని వెళ్ళాను. అప్పటికి మామ్మగారు పోయారు. టైగర్‌కి మూతి దగ్గర తెల్లబడింది, బాబాయి మంచం కింద, ఆయన చెప్పుల మీద తల పెట్టుకుని పడుకుంది. చీలిన చెవి చూస్తూ, “ఇది నా వల్లే కదా బాబాయిగారూ” అన్నాను, ఇన్నేళ్ళూ మింగిన మాట.

“నీ వల్లే. కాకపోతే ఎవురివల్ల?” అన్నాడు ఘాటుగా. మంచం కిందికి చెయ్యి చాపి దాని తల నిమిరాడు. “ఆ రోజు కత్తెర నా చేతిలో ఉంది. నువ్వు ఏడవకపోతే కోసుండేవాణ్ణి. ఇది ఇక్కడ పడుకునేదా?”

వంగి, ఆ ముసలి చెవిని వేళ్ళ మధ్య పట్టుకుని, నేను గీసిన గీత ఎక్కడుండేదా అని వెతికాను. ఎప్పుడో చెరిగిపోయింది. ఆ పెన్ను పట్టుకుని, మెళ్ళో కార్డు వేసుకుని, అన్నీ తెలిసినట్టు తలూపుతూ కూర్చున్న ఆ పిల్ల మాత్రం నాకు స్పష్టంగా కనిపించింది. దాన్ని తిట్టబోయి నవ్వొచ్చి ఊరుకున్నాను. కొత్త ఊళ్ళో మొదటిరోజు ఒకాయన గేదెను తోలుకొచ్చి ‘డాక్టరమ్మా’ అన్నాడు. “నేను డాక్టర్ని కానండీ, సహాయకురాలిని” అన్నాను వెంటనే.

“అట్టాగేలే డాక్టరమ్మా” అన్నాడాయన.