ఆరో వేలు గుర్తు

ఆ పెద్దాసుపత్రిలో ఆమెను అందరూ రికార్డులక్కయ్య అనేవారు. తప్పిపోయినవాళ్లను వెతుక్కుంటూ వచ్చే బంధువులు ఆమె కిటికీ దగ్గరే నిలబడేవారు. పేరు, వయసు, ఒంటిమీది గుర్తులు అడిగి రిజిస్టర్లో రాసుకునేది. ఏడేళ్ల క్రితం తన తమ్ముడి వివరాలూ తనే రాసుకుంది. ఇంట్లో మాటామాటా పెరిగి, చెప్పులైనా వేసుకోకుండా వెళ్లిపోయాడు. ఎడమ చేతికి ఆరో వేలు.

వెనక భవనంలోని శవాగారానికి వేరే రిజిస్టరు. అప్పట్లో గుండె చిక్కబట్టుకుని అక్కడికీ వెళ్లింది. అక్కడి గుమస్తా పుస్తకం తెరవకుండానే, "అలాంటివాళ్లెవరూ రాలేదమ్మా" అన్నాడు. బతికే ఉన్నాడనుకుని తేలికపడి తిరిగొచ్చింది.

ఈ ఏడాది శవాగారానిదీ కలిపి రిజిస్టర్లన్నీ కంప్యూటరెక్కాయి. నేర్పడానికొచ్చిన అమ్మాయి విసుక్కోకుండా చెప్పేది.

"ఒక్కో రకం సంగతికి ఒక్కో పట్టిక, అక్కయ్యా. అందులో మనిషికో వరుస, వరుసకో నంబరు."

"పేరుందిగా, మళ్లీ నంబరెందుకమ్మా?"

"ఒకే పేరు పదిమందికుంటుంది. నంబరు ఒక్కరిదే. మనిషి వివరాలు ఒక్కచోటే రాసి, మిగతా పట్టికల్లో ఆ నంబరు వేస్తే చాలు. కావలసినప్పుడు రెండూ కలిపి చూసుకోవచ్చు."

"మరి ఎవరో తెలియని శవాలకి మన నంబరు ఎలా వస్తుంది?"

"రెండు పట్టికల్లోనూ ఉన్న వివరం ఏదైనా ఉందా?"

"ఒంటిమీది గుర్తులున్నాయి."

"వాటితో కలిపి చూద్దాం. ఖాయమని చెప్పలేం గానీ, ఎక్కడ వెతకాలో తెలుస్తుంది."

నాలుగు వరుసలు వచ్చాయి. మూడోదానికి ఒకపక్క తమ్ముడి పేరు. రెండోపక్క శవం వివరాలు: మగ, సుమారు ముప్పై, ఎడమ చేతికి ఆరు వేళ్లు, రోడ్డు ప్రమాదం. తేదీ చూసింది. ఆమె వెళ్లి అడిగిన రోజుకు రెండు రోజుల ముందుది.

"అక్కయ్యా, ఏమైంది?" అంటోంది అమ్మాయి. ఆమె అప్పటికే లేచి వెనక భవనం వైపు నడుస్తోంది. అక్కడ ఫైలు తీయించి ఫొటో చూసింది. వాడే.

సాయంత్రం తల్లికి చెప్పింది. ఆ ముసలామె ఏడవలేదు. "ఆకలితో పోయాడంటావా?" అని అడిగింది.

ఫైల్లో ఆ సంగతి లేదు. "లేదమ్మా, తినే ఉన్నాడు" అంది కూతురు.

మర్నాడు సెలవు పెట్టమని అందరూ చెప్పినా ఆఫీసుకొచ్చింది. మిగిలిన మూడు వరుసల్లోని ఇళ్లకూ తనే ఫోన్ చేయాలనుకుంది. మొదటి ఇంట్లో ఎవరో ఆడమనిషి ఎత్తింది. ఆసుపత్రి నుంచి అనగానే, "దొరికాడా అండీ?" అంది ఆత్రంగా.

"మీరొకసారి రావాలమ్మా. ఒక్కరే రాకండి, ఎవరినైనా తోడు తెచ్చుకోండి."