మరతో బిగించే లెన్సు

మొన్న అక్క బీపీ మాత్రల అట్ట మీద తేదీ కనపడక, ఫోనుతో చూద్దామని దగ్గరగా పెట్టేసరికి, తెర మీద దగ్గరి ఫొటోలకు వచ్చే చిన్న పువ్వు గుర్తు వెలిగి, నేనేమీ తిప్పకుండానే, బిగించకుండానే ఆ చీమతలకాయంత అక్షరాలు తేటగా కనిపించాయి. ఫోను వెనక్కి జరపగానే పువ్వు ఆరిపోయి అక్క చెయ్యి, చీర చెంగు, వెనకున్న కిటికీ కూడా వచ్చేశాయి. తేదీ చదివి చెప్పాను.

రీలు కెమెరాలు మూలపడి, డిజిటల్ చిన్న కెమెరాలు అందరి చేతుల్లోకీ వస్తున్న ఆ రోజులు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. కంచరపాలెంలో నాకో ఫొటో స్టూడియో ఉండేది. అక్క మొగుడు, అంటే మా బావ, చేపల వేటకు పోయే ఇంట పుట్టినవాడే గాని, వల వదిలేసి ఓ కాంట్రాక్టరు దగ్గర నీళ్లలో దిగి, ఓడలు ఆగే జెట్టీల ఇనప స్తంభాలకు పగుళ్లున్నాయేమో చూసే పనిలో కుదిరాడు. నోటితో చెబితే కాంట్రాక్టరు మనుషులు నమ్మేవారు కాదు, ఫొటో తెమ్మనేవారు. అక్కడి నీళ్లు కలక. ఎంత దగ్గరికి వెళితే అంత తక్కువ బురద అడ్డొస్తుంది, కానీ ఆ చిన్న కెమెరాకు మరీ దగ్గరగా ఉన్నది మసకే. అందుకని, కెమెరాను పెట్టే నీరు చొరని ప్లాస్టిక్ పెట్టెకు ముందు తగిలించే, దగ్గరివాటిని తేటగా చూపే మాక్రో లెన్సొకటి కావాలన్నాడు. ఫొటోల సంగతి కదా, ఎంచే పెత్తనం నాదయింది.

తెప్పించినవి రెండు. ఒకటి మరతో బిగించేది, ఇంకొకటి నొక్కితే పట్టుకుని, లాగితే ఊడి తాడుకు వేలాడేది. స్టూడియో పెరట్లో నీళ్ల తొట్టిలో తుప్పు పట్టిన ఇనప ముక్క పడేసి రెంటితోనూ తీసి చూశాం. నొక్కుడుదానితో అంచులు కాస్త మసకబారాయి. మరదానితో తుప్పు పొరలు కూడా లెక్కపెట్టేటట్టు వచ్చాయి. బావ మాత్రం నొక్కుడుదాన్నే చేతిలో తిప్పుతూ, "గ్లౌజులేసుకొని నీటిలో మర తిప్పగలనేటి బావా నాను? తగిలించి తీసేసీది సాల్దేటి?" అన్నాడు. నీకు సుఖం కావాలా, ఫొటో కావాలా అని వెక్కిరించి, మర లెన్సే ఖాయం చేశాను. తొట్టిలో నా ఉత్త చేతులకు అది ఇట్టే ఊడొచ్చింది మరి.

మొదటిసారి దాంతో దిగిన రోజు నేనూ జెట్టీ మీదే ఉన్నాను. బావ తెచ్చిన ఫొటోలో పగులు వెంట్రుక వెంట్రుకగా కనిపించింది. కాంట్రాక్టరు తాలూకు ఇంజినీరు చూసి, బాగానే ఉందిగాని ఇది ఏ స్తంభమో ఎలా తెలుస్తుందని అడిగాడు. స్తంభం నంబరు రేకు పగులుకు మూరెడు పైన ఉంది. దగ్గరివే చూపే ఆ లెన్సు తియ్యకపోతే పగులుతో పాటు రేకు ఫొటోలో పడదు, బావ చేతులకు నీళ్లలో అది ఊడలేదు. "పర్లేదు బావా, ఇంకోపాలి దిగిపోతాను. ఫొటో మటుకు అదిరిపోనాది," అన్నాడు. అప్పటికి పోటు మొదలై నీళ్లు లాగుతున్నాయి. లెన్సు నేనే విప్పి, కెమెరా అతని మణికట్టుకు కట్టాను. పక్కన కట్టిన బార్జి, ఆ పెద్ద సరుకు పడవ, కదిలి స్తంభానికి ఆనుకున్నప్పుడు బావ ఆ మధ్యలో ఉన్నాడట. పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు. లెన్సు నా గుప్పిట్లోనే ఉంది.

కెమెరా పెట్టెలోకి చుక్క నీరు వెళ్లలేదు. ఆ సాయంత్రం స్టూడియోలో కూర్చుని కార్డులో ఉన్నది ప్రింటు తీశాను: రేకు, రేకు మీద నంబరు, కింద పగులు, అన్నీ ఒకే ఫొటోలో. నీటి పచ్చదనం కాస్త తగ్గించాను కూడా, పెళ్లి ఫొటోలకు చేసినట్టు. ఏడుపు రాలేదు. తప్పు నాదేనని తెలుసు, ఆ తెలియడం ఓ మూల పడి ఉంది, అంతే. ఇన్నేళ్లలో అది కరగనూ లేదు, పెరగనూ లేదు.

స్టూడియో ఎప్పుడో మూసేశాను. దగ్గరా దూరమా అని ఎవరినీ అడగకుండా ఫోనే సర్దుకునే రోజులు వచ్చాయి. ఎంచే పెత్తనం ఇప్పుడెవరికీ అక్కర్లేదు. ఆ లెన్సు ఎవరు ఎంచారని అక్క ఈనాటికీ అడగలేదు. ప్రతి నెలా మాత్రల అట్ట నా చేతికిచ్చి, నీ చూపు మంచిది, నువ్వే చూసి చెప్పు అంటుంది.