నీళ్లు పట్టని ఆరు రోజులు

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. అది చేతికి దిగడానికి ఆట్టే సేపు పట్టదు. ఆ రోజు మా మేస్త్రి చెంప మీదికి దిగింది.

భావనపాడు దగ్గర మత్స్యకారుల పల్లెలో చేపల వేలం షెడ్డు కడుతున్నాం. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో షెడ్యూలు వెయ్యడం నా ఉద్యోగం. వేట నిషేధం ముగిసి పడవలు సముద్రంలోకి దిగేలోపు షెడ్డు అప్పగించాలి. అందుకని స్లాబు పోసిన పద్నాలుగో రోజుకి కింద నిలబెట్టిన సరుగుడు కర్రలు తీసెయ్యాలని రాశాను. ఆ రోజు పొద్దున్నే కాగితం పట్టుకుని దిగాను.

మేస్త్రి తియ్యనన్నాడు.

"గంగమ్మ పండగని ఆరు రోజులు పని మూసేసినాం గదా బాబూ. నీళ్ల ట్యాంకరు పంపమని సెప్పినాను, నువ్వు పంపనేదు. ఈ ఎండకి స్లాబు సుక్క నీరు సూడనేదు, గట్టిపడనేదు. కర్రలు ఇంకా పది రోజులుండాల."

ఆ పండగ భోజనం నేనూ చేశాను. నా షెడ్యూల్లో మాత్రం ఆ ఆరు రోజులూ స్లాబు తడిసినట్టే లెక్క. తప్పు నాదని తెలిసేసరికి ఒళ్లు మండిపోయింది. "నాకే లెక్కలు నేర్పుతావా?" అని కూలీలందరి ముందూ లాగి కొట్టాను. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దవాడు. పెదవి చిట్లింది. ఆడకూలీలు తట్టలు దించేశారు.

"కొట్టు బాబూ. కర్రలు మాత్రం నా మనుషులు ముట్టుకోరు" అన్నాడు.

ఇక వెనక్కి తగ్గితే పరువేముంటుంది? సుత్తి లాక్కుని నేనే కిందికి దూరాను. మొదటి కర్ర రెండు దెబ్బలకి ఊడింది. రెండోదీ ఊడింది. మూడోదాన్ని కొడుతుండగా వెనక నుంచి మేస్త్రి నా కాలరు పట్టి ఈడ్చాడు.

"సచ్చిపోతావురా, బయటికి రా!"

తిరగబడ్డాను. సుత్తి పిడితో అతని డొక్కలో పొడిచాను. అతను నా ముక్కు మీద గుద్ది, కడుపులో తన్ని, రెండు చేతులా ఎత్తి ఇసకలోకి విసిరేశాడు. నేను బయటపడ్డాను. స్లాబు మూల పెళపెళా విరిగి, ఇంకా లోపలే ఉన్న అతని కుడిచేతి మీద పడింది.

కూలీలు గునపాలతో పెళ్ల లేపి చూస్తే ఆ చెయ్యి నుజ్జునుజ్జయి ఉంది. ఇద్దరం నెత్తురు కారుకుంటూ ఒకే ఆటోలో టెక్కలి ఆసుపత్రికి వెళ్లాం. అతన్ని కొట్టిన నా చేతికి గీత కూడా పడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

వారం తర్వాత అతన్ని చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. అతని కుడిచేతికి మూడు వేళ్లు తీసేశారు. క్షమించమని అడగడం చేతకాక, కొత్త షెడ్యూలు చేతికిచ్చాను. ఈసారి నీళ్లు పట్టిన రోజులే లెక్కగట్టానని చెప్పాను. అతను ఎడమచేత్తో కాగితం పట్టుకుని గడులన్నీ ఒక్కొక్కటే చూశాడు.

"బాగా రాసినావు బాబూ. నాను మళ్లీ తాపీ పట్టే రోజు ఇందులో ఏ గడిలో ఉందో సూపించు."

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు.